వార్తకు లింకు దస్తావేజు

(ప్రసంగ పాఠము)

తెనాలిలోగాని బాపట్లలోగాని రేపల్లెలోగాని ఐదు సెంట్ల ఇంటిస్థలము కొనదలచినవాడు ధర మాట్లాడుటకు పూర్వమే ఒక ప్రశ్న వేయును: "లింకు దస్తావేజులు ఉన్నవా?" అమ్మువానికి ఆ స్థలము ఎవరివలన సంక్రమించినది, వారికి ఎవరివలన వచ్చినది, ఆ క్రయము ఏ సంవత్సరమున ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునందు ఏ నంబరుతో నమోదైనది - ఈ గొలుసు ఎక్కడను తెగలేదని తేలినగాని బయానా చేతులు మారదు. చదువురాని రైతు సైతము ఈ విషయమున ఏమరుపాటు వహింపడు. తాను చదువలేకున్నచో దస్తావేజు లేఖరిచేత చదివించుకొని వినును.

అదే మనుష్యుడు మరునాటి ఉదయమున చేతిలోని ఫోనులో ఒక వార్త చూచును. పంట నష్టపు దరఖాస్తులకు గడువు పొడిగింపబడినదని అందులో ఉండును. పొడిగించినవారెవరు? ఏ ఉత్తర్వుచేత? ఏ తేదీవరకు? ఏ జిల్లాలకు? వార్త చెప్పదు, అతడును అడుగడు. ఐదు సెంట్ల నేలకు అడిగిన ఆధారమును ఐదెకరముల పంటకు అడుగకపోవుట వింతగానున్నది. అయితే ఇందు చదువరిని తప్పుపట్టి లాభము లేదు. ఆధారము చూపుట వార్త వ్రాసినవాని ధర్మము. కాగితముమీద ఆ పనికి చోటు చాలదు. అంతర్జాలమునందు ఒక్క లంకెతో ఆ పని నెరవేరును. అంతర్జాల వార్తలకు పనిచేయు లంకెలు చేర్చుటను గూర్చియే నేడు కొంత ముచ్చటింపదలచితిని.

ఇంగ్లీషువారి హైపర్‌లింకును మనవారు లింకు అనియు లంకె అనియు వ్యవహరించుచున్నారు. లంకె మనకు కొత్త మాట కాదు. లంకెబిందెల కథలు వినని తెలుగుబిడ్డ అరుదు. ఒక బిందె దొరికినచో దానితో ముడిపడిన రెండవది కూడ అచ్చటనే ఉండునని ఆశ. వార్త మొదటి బిందె అయినచో దానికి మూలమైన పత్రము రెండవ బిందె. తెరమీది మాటపై వ్రేలు ఆనించినంతనే ఆ రెండవది కన్నులయెదుట నిలుచును.

ఈ భావమునకు చరిత్ర కలదు. ఒక పత్రమునుండి దానితో సంబంధముగల మరియొక పత్రమునకు త్రోవ వేయు యంత్రమును 1945లో వానెవర్ బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఊహించెను. 1965లో టెడ్ నెల్సన్ ఇట్టి రచనకు హైపర్‌టెక్స్ట్ అను పేరు పెట్టెను. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ ఒక ప్రతిపాదన వ్రాసెను. అంతటి పెద్ద సంస్థలో పనివారు వచ్చుచు పోవుచుండుటచేత ఏ సమాచారము ఎచ్చటనున్నదో తెలియక నష్టమగుచున్నదనియు, పత్రములను లంకెలతో కలిపినచో ఆ నష్టము తప్పుననియు అందలి సారాంశము. నేటి వెబ్ అందుండి పుట్టినది. అనగా లంకె వెబ్‌నకు పై అలంకారము కాదు, పుట్టుకకే హేతువు. కాని పత్రికలు వెబ్‌లో ప్రవేశించినపుడు కాగితముమీది వార్తను ఉన్నదున్నట్లు తెరమీద కుమ్మరించినవి. ఆ అలవాటు నేటికిని పూర్తిగా పోలేదు. ముఖ్యముగా మండల వార్తలలో లంకె కనబడుట మిక్కిలి అరుదు. కనబడినను అది ఆ పత్రికలోని మరియొక వార్తకే దారి తీయును.

ఆధారము చూపుట పాశ్చాత్యులవద్ద నేర్వవలసిన విద్యయా? కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరచి చూడుడు. శబ్దమునకు అర్థము చెప్పి ఊరకుండలేదు. ఏ గ్రంథమున ఆ ప్రయోగము కలదో చూపినారు. అనుమానము కలిగినవాడు ఆ గ్రంథము తీసి చూచుకొనవచ్చును. రేపల్లెకు చేరువనున్న భట్టిప్రోలు సంగతి తలచుకొనుడు. అచ్చటి స్తూపమునందు 1892లో అలెగ్జాండర్ రీ ధాతు కరండములను వెలికి తీసెను. వానిమీది లేఖనములను బ్యూలర్ పండితుడు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున ప్రకటించెను. ఆ సంపుటమును నేడు ఇంటర్నెట్ ఆర్కైవునందు ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. తెలుగు లిపి భట్టిప్రోలులోనే పుట్టినదని గర్వముతో వ్రాయు వార్తలు ఏటేట వచ్చుచున్నవి. ఆ వార్తలో బ్యూలర్ వ్యాసమునకు ఒక లంకె వేసినచో, లేఖనములో ఏమున్నదో, పండితుడు ఏమి నిర్ణయించెనో, విలేఖరి దానికి ఎంత జోడించెనో కళాశాల విద్యార్థి తానే తేల్చుకొనగలడు.

చరిత్ర విషయమున తొందర లేదు. తుఫాను విషయమున ఉన్నది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్లకు సమీపమున తీరము దాటెను. కోతకు వచ్చిన వరి డెల్టాలో నేలకొరిగినది. అట్టి దినములలో వాతావరణ శాఖ కొన్ని గంటలకొక ప్రకటన వెలువరించును. తీరము దాటు చోటును, గాలి వేగమును, సమయమును ప్రకటన ప్రకటనకు సవరించుచుండును. ఉదయపు ప్రకటననుబట్టి వ్రాసిన వార్త ఫోనులనుండి ఫోనులకు సాగి సాయంకాలమున సూర్యలంకకు చేరుచున్నది. దానిలో వేళ ఉండదు, మూలము ఉండదు. ప్రకటన సంఖ్యయు, వేళయు, అసలు ప్రకటనకు లంకెయు ఉన్నచో, చదివినవాడు వ్రేలితో నొక్కి, ఇది పాతదో కొత్తదో క్షణములో తెలిసికొనును. వరదల సంగతియు ఇంతే. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినది. బ్యారేజి దాటిన నీరు రేపల్లె సీమ కరకట్టలను తాకుటకు కొన్ని గంటలు పట్టును. ఆ కొన్ని గంటలలోనే లంక గ్రామములవారు పశువులను తోలుకొని గట్టెక్కవలెను. వారికి కావలసినది వర్ణన కాదు. ఏ గంటకు ఎన్ని క్యూసెక్కులు అను లెక్క. ఆ లెక్క ప్రకటించు పుటకు లంకె లేని వరదవార్త వారికి సగము వార్తయే.

ఇక తుఫాను వెలిసిన తరువాత వచ్చు చిక్కు మరియొకటి. నష్టపరిహారమునకు పంట నమోదు కావలెను, జాబితాలో పేరుండవలెను, అభ్యంతరము ఉన్నచో గడువులోపల చెప్పుకొనవలెను. రైతు కార్యాలయమునకు పోయి గడువు ఇంకను ఉన్నదని చెప్పినపుడు, ఎవరు చెప్పిరని గుమాస్తా అడుగును. రైతు ఫోను చూపును. వార్తలో ఉత్తర్వు సంఖ్యయు లంకెయు లేనిచో ఆ ఫోనునకు విలువ లేదు. లంకె నొక్కగానే ఉత్తర్వు తెరమీద కనబడినచో గుమాస్తా మాట మారును. లంకెవలన పత్రికకు ప్రతిష్ఠ కలుగునో లేదో కాని, ఆ రైతునకు కౌలు సొమ్ము కట్టుకొను ఆశ కలుగును.

లంకె వేయుటతో పని ముగిసినదా? లేదు. వేసిన లంకె పనిచేయుచుండవలెను. లంకెలు చెడిపోవు తీరులు రెండు. మొదటిది తెగుట. నొక్కినపుడు పుట లేదని 404 అను అంకె కనబడును. రెండవది తప్పుట. పుట ఉండును, కాని అందలి విషయము మారియుండును. తాజా ప్రకటన అను పుటకు నిన్న వేసిన లంకె నేడు వేరొక తుఫానును చూపును. ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరము. చెడినట్లు కూడ తెలియదు.

ఈ చెడుగు ఎంతటిదో లెక్కలు కలవు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో 1996 నుండి 2019 నడుమ వరకు వచ్చిన అంతర్జాల వార్తలను పరిశీలించి 2021లో ఫలితములు ప్రకటించిరి. నిర్దిష్టమైన పుటలకు వేసిన లంకెలలో నూటికి 25 తెగిపోయినవి. 2018లో వేసినవానిలో నూటికి 6 మాత్రమే పోగా, 1998లో వేసినవానిలో నూటికి 72 పోయినవి. ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన లెక్కప్రకారము 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 పుటలు పదేండ్లకు అందుబాటులో లేకపోయినవి. వార్తల పుటలలో నూటికి 23 పుటలయందు కనీసము ఒక్క తెగిన లంకె అయినను ఉన్నది.

మన ప్రాంతమున లంకెలు తెగుటకు ప్రత్యేక కారణములు కూడ ఉన్నవి. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్వ్యవస్థీకరింపబడి బాపట్ల ప్రత్యేక జిల్లా అయినది. రేపల్లె అందు చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలినది. ఒకే జిల్లా పుటలో వెదకిన సమాచారమును నేడు రెండు జిల్లాల పుటలలో వెదకవలసియున్నది. పాత వార్తలలోని చిరునామాలకు ఈ సంగతి తెలియదుగదా! మరియు 2021 ఆగస్టులో ప్రభుత్వపు ఉత్తర్వులను అందరును చూడగల వెబ్‌సైటునందు పూర్వమువలె ఉంచుట నిలిపివేయబడినది. 2024లో ఆ పద్ధతి పునరుద్ధరింపబడినది. కావున ఇతరులు ఉంచిన పుట ఎల్లకాలము ఉండునను భరవసముతో వార్త వ్రాయరాదు.

ఇంకొక చిక్కు మన లిపిలోనే ఉన్నది. వార్త శీర్షికను తెలుగులోనే చిరునామాగా పెట్టు అలవాటు కొన్నియెడల కలదు. కంప్యూటరు లెక్కలో తెనాలి అను మాటకు ఆరు సంకేతములు. మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు. చిరునామాను ఒకచోటనుండి మరియొకచోటికి పంపునపుడు ఒక్కొక్క బైటు మూడు గుర్తులుగా మారును. ఈ విధముగా తెనాలి 54 గుర్తులగును. బాపట్లయు 54. రేపల్లెకు 63. ఎనిమిది మాటల శీర్షిక ఎంత పొడవగునో ఊహించుకొనుడు! అట్టి చిరునామాను సందేశములో అతికించినపుడు నడుమ తెగిపోవుటకు అవకాశమెక్కువ. శీర్షిక తెలుగులో ఉండవలసినదే. చిరునామాకు మాత్రము పొట్టి అంకె ఒకటి చాలును. శీర్షికను దిద్దినను ఆ అంకె మారదు.

లంకెలకు అభ్యంతరము చెప్పువారి వాదములను కూడ వినవలెను. చదువరి లంకె నొక్కి మన పత్రికను విడిచిపోవునని కొందరి భయము. నమ్మకముగా దారి చూపినవానివద్దకు బాటసారి మరల వచ్చును. దారి చెప్పనివానిని ఒకసారి అడిగి మానుకొనును. లంకె వేసినచో అవతలి పుటలోని మాటలకు మనము బాధ్యులము కావలసివచ్చునా అని మరికొందరి సందేహము. పరువునష్టపు దావాలో కేవలము లంకె వేయుట ఆ మాటలను తిరిగి ప్రకటించుట కాదని కెనడా సర్వోన్నత న్యాయస్థానము 2011లో తీర్పు చెప్పెను. అది పరదేశపు తీర్పు. మనము జాగ్రత్త వహించుట మేలే. అయితే ప్రభుత్వపు ఉత్తర్వునకో వాతావరణ ప్రకటనకో లంకె వేయుటలో ఆ భయమునకు తావెక్కడ?

మూడవ అభ్యంతరము ఆలోచింపదగినది. మండల విలేఖరికి జీతము స్వల్పము, పని అధికము. అతడు బస్సులో కూర్చుండి ఫోనులో వార్త పంపును. అతని చేతనున్న ఆధారము కార్యాలయపు గోడకు అంటించిన నోటీసు మాత్రమే. అది అంతర్జాలమున ఎచ్చటను లేదు. దేనికి లంకె వేయవలెను? దీనికి సమాధానము సులభము. ఆ నోటీసును స్పష్టముగా ఫోటో తీసి పంపవలెను. పత్రిక దానిని తన వెబ్‌సైటునందు ఉంచి, వార్తనుండి దానికే లంకె వేయవలెను. లబ్ధిదారుల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ అంకెలు ఉన్నచో కప్పివేయవలెను. లంకెలు కూర్చు భారము విలేఖరిమీద వేయక, వార్తను దిద్దు ఉపసంపాదకుడు వహింపవలెను. మూలపత్రము పంపుట ఒకరి పని, ముడివేయుట మరియొకరి పని.

ముడివేయువారికి కొన్ని సూచనలు చేయవచ్చును. లంకె మూలపత్రమునకే ఉండవలెను. సంస్థ ముఖపుటకు వేసి, అచ్చట వెదకికొనుమనుట మర్యాద కాదు. దుగ్గిరాల యార్డులో పసుపు ధర చెప్పునపుడు ఆ దినపు ధరల పుటకే తీసికొనిపోవలెను. "ఇక్కడ నొక్కుడు" అను మాటకు లంకె వేయరాదు. బాపట్లనుండి రైలులో రేపల్లె పోవువాడు తెనాలిలో దిగి బండి మారవలెను. అచ్చట బండి మీద ఊరిపేరు వ్రాయక "ఇది ఎక్కుడు" అని వ్రాసినచో ఎట్లుండును? వ్యవసాయశాఖ ఉత్తర్వు, వాతావరణ శాఖ ప్రకటన అని గమ్యమును తెలుపు మాటలకే లంకె వేయవలెను. కన్నులు లేనివారు ఫోనుచేత చదివించుకొని వినునపుడు ఈ మాటలే వారికి దారిచూపు పలకలు.

లంకె వేసిన దినముననే ఆ పుటకు ఒక ప్రతిని భద్రపరచుట ఉత్తమము. ఇంటర్నెట్ ఆర్కైవు సంస్థ 1996 నుండి వెబ్ పుటలను సేకరించుచున్నది. 2001 నుండి దాని వేబ్యాక్ మెషీన్ ద్వారా ఆ పుటల పాత రూపములను ఎవరైనను చూడవచ్చును. మనము కోరిన పుటను అప్పటికప్పుడు అందు చేర్పింపవచ్చును కూడ. అసలు లంకె తెగిననాడు ఆ ప్రతి ఆదుకొనును. పత్రిక తన వెబ్‌సైటును మార్చుకొనునపుడు పాత చిరునామాకు వచ్చినవానిని కొత్త చిరునామాకు పంపు ఏర్పాటు చేయవలెను. దీనికి 301 అను సంకేతము కలదు; ఇల్లు మారినవాడు తపాలా కార్యాలయమున కొత్త విలాసము వ్రాసి ఇచ్చుటవంటిది. మంచి చిరునామాలు మారవను భావముతో బెర్నర్స్ లీ 1998లోనే ఒక వ్యాసము వ్రాసియున్నాడు. తెగిన లంకెలను తనంత తానే పట్టియిచ్చు సాధనములు నేడు ఉన్నవి. పంట కాలువలకు ఏటేట పూడిక తీసినట్లు, మూడు నెలలకొకసారి లంకెలను తనిఖీ చేయించుట కష్టము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త మరియొకటి కలదు. లంకె తెగినను వార్త నిలువవలెను. అందుకు ఉత్తర్వు సంఖ్య, తేదీ, శాఖపేరు వాక్యములోనే వ్రాయవలెను. వార్తను ఫోటోగా తీసి ఒకరికొకరు పంపుకొనుట నేడు పరిపాటియైనది. ఆ ఫోటోలో లంకె చచ్చిపోవును. సంఖ్యయు తేదీయు మాత్రము బ్రతికియుండును. వానిని పట్టుకొని, సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టియైనను మూలమును తెప్పించుకొనవచ్చును. 2005 నాటి ఆ చట్టపు నాలుగవ విభాగము ప్రభుత్వ కార్యాలయములు తమంత తామే కొంత సమాచారమును ప్రకటింపవలెనని విధించినది. పత్రికలు లంకెలు వేయ మొదలిడినచో, వేయుటకు పుట లేని కార్యాలయములేవియో ప్రజలకు తెలియవచ్చును. అదియు ఒక ప్రయోజనమే.

రేడియోలో మాటలాడు మాకు ఈ సౌకర్యము లేదు. గాలిలో పోవు మాటకు లంకె తగిలింపలేము. అందుచేతనే వార్తలు చదువువారు, ఇది వాతావరణ శాఖ ప్రకటన, ఇది మంత్రిగారి మాట అని మూలమును నోటితో చెప్పుచుందురు. తెరమీద వ్రాయువారికి అంతకంటె మేలైన సాధనము చేతికందియున్నది. చదువరులు కూడ ఊరకుండరాదు. లంకె లేని వార్త చూచినపుడు దీనికి ఆధారమెక్కడ అని ఆ పత్రికకు ఒక్క ముక్క వ్రాయుడు. తెగిన లంకె కనబడినచో తెలుపుడు. పదిమంది అడుగగా అడుగగా అది ఆచారమగును. మరుసటి తుఫాను వచ్చునాటికి ఈ ఆచారము కొంతయైనను నెలకొన్నచో, కరకట్టమీద నిలిచి ఫోను చూచుకొను మనుష్యునకు ఏ మాట నమ్మవలెనో తానే తేల్చుకొను వీలు కలుగును.